పికిలిపిట్ట ఎంచుకున్న గుర్రం

అడవి పక్క మైదానంలో గుర్రాల పందెం. మామూలు పరుగు కాదు, అడ్డంగా ఉన్న పొదల మీంచి దూకుతూ పరుగెత్తాలి. గుర్రాన్ని ఎంచుకున్నవాళ్లే అది ఏ పొద మీంచి దూకాలో కూడా చెప్పాలి. అక్కడి పద్ధతి అది.

కుందేలు మామ మెరుపులాంటి నల్లగుర్రాన్ని ఎంచుకున్నాడు. "మా ఇంటి పొద మీంచే దూకాలి సుమా! పిల్లలు చూసి మురిసిపోవాలి" అన్నాడు.

ఆ పక్క పొదలోనే పికిలిపిట్ట గూడు ఉంది. గూట్లో గుడ్లున్నాయి. అది బాగా ఆలోచించి ముసలి గుర్రం దగ్గరికి వెళ్లింది. "అవ్వా, మా పొద మీంచి నువ్వే దూకాలి" అంది.

కుందేలు పడీ పడీ నవ్వాడు. "ఓసి పిచ్చిదానా! అది పొదకు రెండింతలు ఎత్తు ఎగురుతుంది. కిందికి దిగేసరికి పందెం అయిపోతుంది!"

"అలా ఎగిరేదే నాకు కావాలి మామా."

పందెం మొదలైంది. నల్లగుర్రం పొదను చీల్చుకుంటూ దూసుకుపోయి గెలిచింది. ముసలి గుర్రం తీరిగ్గా ఆకాశమంత ఎత్తు ఎగిరి, అందరికంటే చివర వచ్చింది. అయినా పికిలిపిట్ట గూట్లో కూర్చుని హాయిగా పాట అందుకుంది.

"ఓడిపోయావుగా, మరి ఆ పాటేమిటే?" అన్నాడు కుందేలు.

పికిలిపిట్ట పక్కకు జరిగి గుడ్లు చూపించింది. గూటి మీద ఒక్క ఆకైనా చెదరలేదు.

కుందేలు గబుక్కున తన పొదవైపు తిరిగాడు. ఆకులన్నీ రాలిపోయి, పిల్లలు ఎండకు కళ్లు చికిలిస్తూ కూర్చున్నాయి.

"అమ్మాయ్, వచ్చే పందేనికి ఆ ముసలవ్వను నాకిస్తావా?" అన్నాడు.