సీటు అదరాలి

“ముందు పిల్లాణ్ణి దింపండి. అప్పుడే స్విచ్చి వేస్తాను,” అంటూ ఫిట్టరు బండి తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు.

కొత్త పికప్పు షెడ్డు మధ్యలో నిగనిగలాడుతోంది. దాని సీటు వెనకాల, ట్రంకుపెట్టె అంత సబ్ ఊఫరు స్పీకరు అతడు అప్పుడే బిగించాడు. ముందు సీట్లో కూర్చున్న ఇల్లాలి ఒళ్ళో ఏడాదైనా నిండని పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పిట్ట కొంచెం, కూత ఘనం. వాడి ముందు పక్కషెడ్డులో ఇనుము కోసే మిషను కూడా దిగదుడుపే.

“వాడు దిగడు బాబాయ్. వాడు కూడా వినాలి,” అన్నాడు బండి యజమాని.

“పాలు తాగే పిల్లాడికి పాటలేంటయ్యా? ఇది రేడియో అనుకున్నావా? పెట్టెలో పెట్టిన పిడుగు. నా ఎడమ చెవి వీటికే బలైపోయింది.”

యజమాని వినిపించుకుంటే కదా. పొద్దున వచ్చినప్పటి నుంచీ అంతే. చిన్న పెట్టె చూపిస్తే పెదవి విరిచాడు. దానికంటే పెద్దది చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. మగవాళ్ళ పిచ్చి ఫిట్టరుకు కొత్తేం కాదు. కానీ కన్నతల్లి కూడా వంత పాడుతుంటేనే అతడికి ఒళ్ళు మండింది.

“సీటు అదరాలి బాబాయ్. నా వెన్నుకి తెలియాలి,” అందామె, ఏడుస్తున్న పిల్లాణ్ణి భుజం మార్చుకుంటూ.

ఇద్దరికిద్దరూ సరిపోయారు అనుకున్నాడు ఫిట్టరు. ఇద్దరి కళ్ళూ చింతనిప్పుల్లా ఉన్నాయి. రాత్రంతా పాటలు పెట్టుకుని ఊరిమీద తిరిగే బాపతు కాబోలు. మధ్యలో ఆ పసివాణ్ణి చూస్తుంటే అతడికి కడుపు తరుక్కుపోయింది. స్పానరు చేతిలోకి తీసుకున్నాడు.

“పెట్టె విప్పేస్తాను. వేరే షాపు చూసుకోండి. ఈ పాపం నేను మూటగట్టుకోను.”

యజమాని గబుక్కున అతడి చెయ్యి పట్టుకున్నాడు. “సౌండు నీ చేతిలోనే ఉంచుకో బాబాయ్. వాడు ఉలిక్కిపడితే అక్కడే ఆపెయ్. మేం మారుమాట్లాడకుండా వెళ్ళిపోతాం.”

ఫిట్టరు కాసేపు గొణిగి, చివరికి బండిలోకి వంగి, తాళంచెవి పెట్టి స్విచ్చి వేశాడు. ఒక అరచెయ్యి పిల్లాడి చెవి మీద కప్పి, రెండో చేత్తో నాబు పట్టుకున్నాడు. కొత్త పెట్టెలో మొదటి పాట బండిగలవాళ్ళదే కావాలన్నది ఆ షెడ్డు ఆనవాయితీ. యజమాని ఫోనుకి వైరు తగిలించాడు. ఫిట్టరు నాబు ఒక్క పిసరు తిప్పాడు.

డగడగడగడగ.

రాగం లేదు, తాళం లేదు, మాట లేదు. సీటు మాత్రం గడగడ వణికింది. ఇంత వికారమైన చప్పుడు ఫిట్టరు బిగించిన పెట్టె ఏదీ చెయ్యలేదు. తటాలున వైరు పీకేశాడు.

“ఎక్కడో కనెక్షను తప్పింది. నాదే పొరపాటు. మళ్ళీ మొదటినుంచీ బిగిస్తాను,” అన్నాడు తల దించుకుని. పేరంతా గంగలో కలిసిందని అతడికి నిజంగానే ఏడుపొచ్చినంత పనైంది.

పిల్లాడు మళ్ళీ ఏడుపు అందుకున్నాడు. అప్పుడు గాని, ఆ చప్పుడు మోగినంతసేపూ వాడు ఏడుపు ఆపాడని ఫిట్టరు గమనించలేదు.

“ఆపకండి బాబాయ్,” అంది తల్లి, ఇంచుమించు బతిమాలుతూ. “ఇప్పుడిప్పుడే రెప్ప వాలుస్తున్నాడు.”

యజమాని తనే వైరు తగిలించాడు. మళ్ళీ అదే డగడగ. పిల్లాడు రెండు వెక్కిళ్ళు పెట్టి, ఆవలించి, తల్లి గుండెకి ముఖం ఆనించాడు. వాడి పిడికిలి మెల్లగా విచ్చుకుంది. చూస్తుండగానే తల్లి తల కూడా అద్దానికి వాలిపోయింది.

ఫిట్టరు నోరు వెళ్ళబెట్టి ఇద్దర్నీ చూశాడు. వాడి చెవిమీద చెయ్యి తియ్యడానికి కూడా అతడికి భయమేసింది.

“అసలిదేం పాటయ్యా?” అని గుసగుసగా అడిగాడు.

“మా పాత బండి ఇంజను బాబాయ్,” అన్నాడు యజమాని ఆవలింత ఆపుకుంటూ. “దాన్ని కొన్నవాళ్ళింటికి వెళ్ళి మరీ రికార్డు చేసుకొచ్చాను. ఈ కొత్తది బొత్తిగా చప్పుడు చెయ్యదు, వీడేమో నిద్రపోడు.”