తెల్లబడని ఎరువు

వ్యవసాయ ఆఫీసరమ్మ టమాటా మొక్కను పట్టుకుని లాగింది. వేళ్లనిండా బుడిపెలే. కోడలు చూపు తిప్పుకుంది. వారం రోజులుగా ఏ మొక్క పీకినా ఇదే వరస.

"నులిపురుగు చేనంతా పట్టేసింది. ఇప్పుడేం పోసినా బూడిదలో పోసిన పన్నీరే," అంది ఆఫీసరమ్మ.

"మీరిచ్చిన మందు కలిపాం కదండీ," అన్నాడు కోడలి మొగుడు. మాట మెత్తగానే ఉంది గానీ మొహం మాడిపోయింది.

"అది మందు కాదయ్యా, ప్రాణమున్న బూజు. ఎరువులో బాగా పెరిగి, నేలలోకెళ్లి ఆ పురుగుని తినాలి. అదీ నాట్లకు ముందే. ఇంతకీ బూజు పట్టి ఎరువు కుప్ప తెల్లబడిందా?"

"ఒక్కరోజు కూడా తెల్లబడలేదండీ," అంది కోడలు. "ఇంటి వెనక పాక నీడలో పెట్టాను. తడి గోనెలు కప్పాను. పదిహేను రోజులూ పసిబిడ్డని సాకినట్టు సాకాను. పొద్దున్నే గోనె ఎత్తి చూస్తే ఎప్పట్లాగే నల్లగా ఉండేది."

"మరి నల్లగా ఉన్నదాన్నే చల్లేశారా?"

"నాట్లకు అదును దాటిపోతుంటే ఏం చెయ్యమంటారు?"

"ఎండేమైనా తగిలిందా? పోనీ మైలుతుత్తం లాంటిది పడిందా? అది తగిలితే బూజు బతకదు."

"నేను నీళ్లు తప్ప ఏమీ చల్లలేదండీ. ఒట్టు."

"అయితే ఎందుకు చచ్చిందో దానికే తెలియాలి," అని ఆఫీసరమ్మ చేతులు దులుపుకుని బండెక్కింది.

మొగుడు గట్టు మీద కూలబడ్డాడు. ఈ పంట కూడా పోతే కౌలు తీసేస్తానని పొలం ఆసామి ముందే చెప్పాడు. అన్నమాట తప్పే మనిషి కాదు.

"రేపొస్తాడు. ఇంక మూటాముల్లే సర్దుకోవడమే," అన్నాడు. మట్టిబెడ్డ విసిరికొట్టి, "వద్దు మొర్రో అన్నా వినకుండా నీ బూజుని నమ్ముకున్నావు, నట్టేట మునిగాం," అన్నాడు. ఆమెకు ఎక్కడ తప్పు చేసిందో ఎంత తవ్వుకున్నా అంతుపట్టలేదు.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాక ఏడుపు ఆగలేదు. మామగారు లోపల్నుంచి మంచినీళ్లు తెచ్చాడు. విత్తనాల గోదాములో నలభై ఏళ్లు కాపలా ఉన్న మనిషి, చెమ్మంటే పడదు. చేతికిచ్చే ముందు గ్లాసు అడుగు కూడా కండువాతో తుడిచాడు.

"ఊరుకో అమ్మా. వాడి మాటలకేం గానీ, నీ చేతిలో లోపం లేదు. ఆ కుప్పే మంచిది కాదు."

"ఏమైంది మామయ్యా దానికి?"

"నువ్వు బాధపడతావని చెప్పలేదు తల్లీ. రోజూ తెల్లారేసరికి దానిమీద తెల్లగా బూజు పట్టేసేది. నువ్వు లేవకముందే నేనే గీకి పారేసి, మైలుతుత్తం నీళ్లు చల్లేవాణ్ణి."