రెండు గంటల సైరన్

రిటైరయ్యాక తవిటయ్యకి మతి తప్పిందట. ప్లాంటులో షిఫ్టు మారే రెండు గంటల సైరన్ వినపడందే కన్ను మూతపడటం లేదట.

ఈ మాట అన్నది కాంతం. మొన్నటిదాకా ఉక్కునగరంలో ఒకే సెక్టారు, వాళ్ల పక్క క్వార్టరే. పొద్దున్న పాలబూత్ దగ్గర బయల్దేరిన మాట, షేరాటో ఎక్కి కూర్మన్నపాలెం వచ్చి, తవిటయ్య భార్య నారాయణమ్మ చెవిన పడేసరికి పట్టుమని పూట కూడా పట్టలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు నుంచి నాలుగు దాకా కాంతం ఎవరికీ దొరకదు. మిగతా వేళంతా ఆవిడ కబుర్లు డ్యూటీలోనే ఉంటాయి.

"సూసేరా, సెక్టారంతా ఏటనుకుంటన్నారో!" అంది నారాయణమ్మ.

తవిటయ్య ఆవలించాడు. కళ్లు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి. ముప్పై ఏళ్లు ఫర్నేస్ దగ్గర పనిచేశాడు. అందులో సగానికి పైగా నైట్ షిఫ్టులే. పగలు పడుకోవడమే అలవాటు. క్వార్టరు అప్పజెప్పి సొంత ఫ్లాటుకి వచ్చిన ఈ మూడు నెలల్లో రాత్రి నిద్రా లేదు, పగటి నిద్రా లేదు. నిన్న టీలో ఉప్పేసుకుని తాగి, బాగుందన్నాడు. వారంలోగా నిద్ర పట్టకపోతే మాత్రల డోసు పెంచాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు.

కూతురు సత్యశ్రీ షార్ట్ ఫిల్ములకి సంగీతం చేస్తుంది. లాప్‌టాప్ తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

"ఆ సౌండు నేను చేసిచ్చేస్తాను నాన్నా. ఎలాగుండేదో సెప్పు."

"ఏ సౌండే?"

"అదే, మద్యాన్నం రెండు గంటల సైరన్. కాంతం ఆంటీ ఊరంతా సెప్తంది కదా."

తవిటయ్య భార్య వంక చూసి, గొంతు సవరించుకున్నాడు. "ఊఁ. ఆ టైముకొచ్చే సౌండే."

సత్యశ్రీ ఒక మీట నొక్కింది. స్పీకర్లు "భాఁయ్" మన్నాయి.

"అలా మీదడిపోతే ఎలాగే! నెమ్మదిగా ఎక్కాల."

"అయితే ఎటాక్ పెంచాలి, అంటే ఎక్కే టైము. ఇదిగో, ఈ గీత సూడు. దీన్ని ఎన్వలప్ అంటారు."

"కవరా?"

"కవరే అనుకో. శబ్దం ఎంతసేపట్లో ఎక్కాలి, ఎక్కడ నిలబడాలి, ఎలా దిగాలి, అన్నీ ఈ గీతే సెప్తాది."

"ఓసోస్! ఫర్నేస్ కాడ నాను సేసింది ఇదే కదే! వేడి ఎక్కించడం, నిలబెట్టడం, దించడం."

తవిటయ్య తనే మౌస్ అందుకుని గీతని అటూ ఇటూ సాగదీశాడు. శబ్దం మెల్లగా ఎక్కి మెల్లగా దిగింది. కానీ చప్పగా ఉంది.

"ప్రాణం లేదే దీనికి," అన్నాడు.

"ఫిల్టరని ఒకటుంది నాన్నా. నోరు లాంటిది. మూస్తే 'మ్', తెరిస్తే 'ఆ'. ఆ నోరు ఎప్పుడు తెరవాలో ఇంకో ఎన్వలప్‌కి అప్పజెప్తే, సౌండు ఒక్కలా ఉండకుండా మారతా ఉంటాది."

"అద్గదీ! నోరే!" తవిటయ్య కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "మెల్లగా తెరుసుకోవాల. మద్దిలో గరగరలాడాల. ఆకర్న ఓపాలి ఆగిపోవాల, ఇంక రాదేమో అనిపించాల. అప్పుడు మల్లీ ఎత్తుకోవాల."

"సైరన్ అలా ఆగుతాదా?"

"అది ఆగేది."

"ఎంతసేపు మోగేది?"

"ఒక్కోపాలి నాలుగైపోయేది."

"రెండు గంటలసేపా!"

"రెండు గంటల సైరన్ అని నువ్వే అన్నావు కదే."

నారాయణమ్మ బుగ్గన చెయ్యేసుకుంది. "నాకెప్పుడూ ఇనబళ్లేదే!"

"నువ్వు ముందుగదిలో టీవీ కాడుండేదానివి. నాను పడగ్గదిలో గోడకానుకుని పడుకునీవోణ్ని. అక్కడికి బాగా ఇనిపించేది."

నాలుగు రోజులు పట్టింది. గరగర ఎక్కువైందని ఒకసారి, ఆగడం తక్కువైందని ఒకసారి, తవిటయ్య పదిసార్లు తిప్పి కొట్టాడు. ఐదో రోజు భోజనాలయ్యాక సత్యశ్రీ మళ్లీ వినిపించింది. శబ్దం ఎక్కింది, నోరు తెరిచింది, గరగరలాడింది, ఆగింది, మళ్లీ ఎత్తుకుంది. మూడో చుట్టుకి తవిటయ్య తల పక్కకి వాలిపోయింది.

నారాయణమ్మ కంగారుగా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తర్వాత కళ్లొత్తుకుని, కాంతానికి ఫోను చేసింది. "సైరన్ పని సేసింది వదినా!" ఆ సౌండు తనకీ పంపమంది కాంతం. సత్యశ్రీ పంపింది.

మర్నాడు నాలుగున్నరకి కాంతం కాజాల పొట్లంతో దిగింది. స్పీకరు మోగుతోంది. తవిటయ్య పడక్కుర్చీలో హాయిగా నిద్రపోతున్నాడు.

"నే చెప్పలేదుటండీ వదినగారూ, ఇది సైరన్ బెంగేనని!" అంటూ, మాటలకి అడ్డమని స్పీకరు కట్టేసింది.

చప్పుడు ఆగగానే తవిటయ్య ఉలిక్కిపడి లేచాడు.

"అన్నయ్యగారూ, మీ సైరన్ని సెక్టారు గ్రూపులో పెట్టేశానండి. ప్లాంటులో రిటైరైన ఆ నీలకంఠంగారైతే పాత రోజులు గుర్తొచ్చి ఏడ్చేశారంట. ఏకంగా రింగ్‌టోన్ పెట్టేసుకున్నారు. మావారేమో విన్నప్పటి నుంచీ ఒకటే నవ్వు. ఎందుకో చెప్పి చావరు."

తవిటయ్య ముఖం పాలిపోయింది. "తీయించీ సెల్లెమ్మా. ఇప్పుడే."

"భలేవారే! ఎందుకు తియ్యాలండీ?"

"నా మాటిను. తీసీ."

"కారణం చెప్పందే తియ్యనంటే తియ్యనండి."

తవిటయ్య భార్యనీ కూతుర్నీ మార్చి మార్చి చూసి, తల వంచుకున్నాడు.

"అది సైరన్ కాదు సెల్లెమ్మా, గోడవతల నీ గురక."