నాలుగు నిమ్మకాయలు

గండికోట లోయ దారి మొదట్లో కారు మొరాయించింది. "చక్రాల ముందు అడ్డంకులున్నాయి, తొలగించండి," అని మర్యాదగా చెప్పింది.

అడ్డంకులంటే మా పెద్దమ్మ ఓబుళమ్మ పెట్టిన నిమ్మకాయలు. కొత్త కారు కదా, లోయ దారి ఎక్కేముందు తొక్కించాలని చక్రానికొకటి పెట్టింది. వాటంతటవే నడిచే ఈ కార్లు దేన్నీ తొక్కవు.

"తీసేయ్ పెద్దమ్మా, పొద్దు గుంకేలోపు లోయ చూడాల."

"పెట్టిన నిమ్మకాయ యాడన్నా తీస్తారా?"

కారు కాసేపు ఆలోచించింది. "మీలో ఎవరికైనా నడపడం వస్తే స్టీరింగ్ ఇస్తాను," అంది.

పెద్దమ్మ ఇరవై ఏళ్లు బస్సు నడిపింది. ఆ తర్వాత పదిహేనేళ్లుగా ఆమెకు ఎవరూ స్టీరింగ్ ఇవ్వలేదు. కారు ముందుభాగంలో దాగిన స్టీరింగ్ బయటికి రాగానే కొంగు బిగించి కూర్చుంది. నిమ్మకాయలు టప్పుమని చితికాయి. ఏరు ఎండి ఎడారైపోయిన లోయ అంచున, ఎర్రరాళ్ల మధ్య, మలుపు మలుపుకీ హారన్ కొడుతూ ఆమె ఉరికిస్తుంటే, నేను సీటు గట్టిగా పట్టుకుని పగలబడి నవ్వాను.

"కోట కాడ స్టీరింగ్ మళ్లీ లోపలికి పోతాదంట, పెద్దమ్మా," అన్నాను దిగులుగా.

ఆమె దారి మీంచి చూపు తిప్పకుండా ఒళ్లోని సంచి తట్టింది.

"తిరిగొచ్చేదానికి ఇంకో నాలుగు తెచ్చినాలే."