ఘాట్ ఎక్కని లారీ

మూడో మలుపు తిరగగానే వేడి ముల్లు మళ్ళీ ఎర్రగీత దాటింది. కొడుకు లారీని పక్కకు తీసి, దిగి, ముందు టైరును ఒక్క తన్ను తన్నాడు. టైరుకేం కాలేదు, వేలు వాచింది.

ఇనుప రాడ్డుకు తగిలించి వెనక లాక్కెళ్తున్నది తండ్రి పాత లారీని. దాని ఇంజను చచ్చి ఏడాదయింది, లైట్లు కూడా వెలగవు. కొండ మీది తుక్కు యార్డువాడు ఇవాళ సాయంత్రంలోగా తెస్తేనే కోసి ముక్కలు చేస్తానన్నాడు. రేపటి నుంచి యార్డు మూత. కొత్త లారీ వచ్చే వారం దిగుతోంది, షెడ్డులో చూస్తే రెండు బళ్ళకే చోటు.

లాక్కెళ్ళే బండిలో స్టీరింగు తిప్పడానికి ఓ మనిషి ఉండాలి. ఆ పాత స్టీరింగు పెద్దాయన మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. అందుకని ఆయనే కూర్చున్నాడు. పొద్దున ఎక్కేముందు దాని అద్దం ఒకసారి తుడిచాడు, అంతే.

మెకానిక్ అయిన బావమరిది బానెట్ ఎత్తాడు.

"నీళ్ళు నిండుగానే ఉన్నాయి బావా. ఫ్యాన్ బెల్టు బిగువుగానే ఉంది."

"మరి రోగమేంటి?"

"థర్మోస్టాట్ అనుకున్నా. దాన్ని కింద మలుపులోనే పీకేశాం కదా. రేడియేటరూ కడిగాం."

"మొన్న నిండు లోడుతో ఇదే ఘాట్ చకచకా ఎక్కిందిరా. ఇవాళ ఖాళీ డొక్కును లాగలేక చస్తోంది."

"నువ్వు గేరు సరిగ్గా వేయట్లేదేమో."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే."

బావమరిది ముక్కు ఎగబీల్చాడు. "ఏదో కాలిన వాసన వస్తోంది."

"క్లచ్ ప్లేటు అయ్యుంటుందిలే," అన్నాడు పెద్దాయన, కుంటుకుంటూ దగ్గరికొచ్చి.

"కూర్చుని స్టీరింగు తిప్పేదానికి కాలు నొప్పేంటి నాన్నా?"

"వయసురా."

నాలుగో మలుపులో మళ్ళీ ఆగారు. ఐదో మలుపులో రేడియేటరు మూత తీయబోయి బావమరిది చెయ్యి కాల్చుకున్నాడు. కొడుకుకు తలప్రాణం తోకకొచ్చింది. అంతలో యార్డువాడి ఫోను, తాళం వేసుకుని పోతున్నానని. కొడుకు రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాడు. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

"ఇక నావల్ల కాదు. పడుండనీ ఆ డొక్కు షెడ్డులోనే. కొత్తదాన్ని బయట పెట్టుకుంటా."

"ఎండకూ వానకూ పాడైపోదూ?" అన్నాడు బావమరిది.

"పోనీ. టార్పాలిన్ కప్పుతా."

"నీ ఇష్టంరా," అని పెద్దాయన వెళ్ళి తన బండెక్కాడు.

బళ్ళు వెనక్కి తిప్పారు. దిగుడులో ముల్లు దిగడం మామూలే. కానీ ఊరి మొదట్లో వంతెన ఎత్తు కూడా లారీ అవలీలగా ఎక్కేసింది, ముల్లు వెంట్రుకవాసి కదల్లేదు.

"చూశావా బావా, ఇప్పుడు మంచులా ఉంది."

"దీనికేదో దయ్యం పట్టిందిరా," అన్నాడు కొడుకు విసుగ్గా.

వెనక లారీలో పెద్దాయన, ఘాట్ పొడుగునా బ్రేకు తొక్కి పట్టిన కాలును హాయిగా చాపుకుని, మోకాలు నిమురుకుంటున్నాడు.