బొట్టి పిలిచిన పిలుపు

అమ్మవారు వానను కొంగున ముడేసుకున్న ఏడాది అది, నాయనలారా. పెరట్లో తల్లికోడి గింజ దొరికినప్పుడల్లా "కొక్కొక్కొ" మని పిల్లల్ని పిలిచి, గింజ వాటికి వదిలేసి, తను పక్కన నేలను పొడుచుకునేది. అమ్మ కూడా తింటోందనుకునేది అన్నిట్లోకీ చిన్న కోడిపిల్ల బొట్టి.

"మీ అమ్మ మింగేది ఉత్త మట్టిబెడ్డలే, పిచ్చిమొహమా," అంది గోడమీది కాకి.

బొట్టి దగ్గరికెళ్లి చూసింది. నిజమే.

మర్నాడు దానికి చాట కింద మొక్కజొన్న గింజ దొరికింది. కడుపు నకనకలాడుతున్నా ముట్టకుండా, అమ్మలాగే "కిక్కిక్కి" మని పిలిచింది. తల్లి పరుగున వచ్చింది.

"నువ్వు తినవే, బొట్టీ."

"నేను తిన్నానమ్మా," అంటూ బొట్టి పక్కనున్న బెడ్డను పొడిచింది.

"అబద్ధం కూడా నా దగ్గరే నేర్చావుటే," అని నవ్వి, తల్లి గింజను రెండు చేసింది.

ఇద్దరూ తింటుంటే అమ్మవారు చూసిందో ఏమో, కొంగుముడి వదులైంది. తొలి చినుకు కాకి ముక్కుమీదే పడింది.