అన్నీ చెట్లే

“అన్నీ చెట్లే.”

తడి ఫిల్మును దీపానికి ఎత్తిపట్టి, ఫోటోలు కడిగే అక్క విసుగ్గా అంది.

చీకటిగది గుమ్మంలో కొత్త పైలట్ నిలబడి ఉన్నాడు. నది అవతల శత్రువు ఒడ్డును ఫోటోలు తీసి రావడం అతని పని. వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. అప్పుడే అందరూ ‘జాగ్రత్తబాబు’ అని పేరు పెట్టేశారు. విమానం మీద గీత పడకుండా తిరిగొస్తాడని.

“ఫిరంగులున్నాయండీ. ఆకులు కప్పి దాచారు.”

“కనబడనివి ఉన్నాయని మేజరుగారికి ఎలా చెప్పను? మబ్బుల్లోంచి తీస్తే ఇంతే మరి. కాస్త కిందికి దిగితే మీ సొమ్మేం పోయేది?”

అతను నొచ్చుకోలేదు.

“నది దాటేవాళ్ళలో మీవాళ్ళెవరైనా ఉన్నారా?”

“మా తమ్ముడు. అవతల ఏమీ లేవని మనం చెబితే, సాయంత్రం దాటేస్తారు.”

“మళ్ళీ వెళ్ళొస్తానండీ.”

“ఈసారైనా చెట్లు కాకుండా ఇంకేమన్నా తెండి.”

నవ్వి వెళ్ళాడు.

అక్కకు కాలు నిలవలేదు. తొట్టెలో నీళ్ళు మార్చింది. మార్చిన నీళ్ళనే మళ్ళీ మార్చింది. తలుపు దాకా వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది.

చివరికి మెకానిక్ పరుగున వచ్చి ఫిల్ము డబ్బా చేతిలో పెట్టాడు.

“ఆయనేడీ?”

“సీట్లోంచి దించుతున్నారమ్మా. విమానమంతా జల్లెడైపోయింది. ఎలా తెచ్చి దింపాడో ఏమో.”

“పక్కకు తిప్పుకోవడం కూడా రాదా ఆ మనిషికి?”

మెకానిక్ అప్పటికే విమానం వైపు పరుగెత్తాడు.

ఫిల్ము కడిగింది. అదే ఒడ్డు, అవే చెట్లు. కాని ఆకుల మధ్య తెల్లని మెరుపులు, ఒకదాని పక్కన ఒకటి. ఏ బొమ్మా చెదరలేదు.

మేజరు మెరుపు మెరుపుకూ మ్యాపు మీద చుక్క పెట్టాడు. ఫోనందుకున్నాడు.

“దాటొద్దు. ఒక్కణ్ణి కూడా కదలనివ్వకండి.”

అక్క గోడకు చేరగిలబడింది. తమ్ముడు ఈ ఒడ్డునే ఉన్నాడు.

“పొద్దున ఇవి లేవు కదండీ?”

“ఉన్నాయమ్మా. పేలితేనే కనబడతాయి.”

“మరి పొద్దున ఎందుకు పేల్లేదు?”

“అంత ఎత్తున పోయేదాన్ని కొట్టలేరు. ఊరికే పేల్చి చోటు బయటపెట్టుకోరు. అందేంత కిందికి, తిన్నగా, నెమ్మదిగా ఎవరైనా వస్తే తప్ప…”

మేజరు తలుపు వైపు చూశాడు.

బయట అంబులెన్సు కదిలింది, తొందరేమీ లేనట్టు.

తడి ఆరని ఫిల్మును అక్క మళ్ళీ దీపానికి ఎత్తిపట్టింది: అతను ఫిరంగులను వెతకడానికి వెళ్ళలేదు, వాటి చేత తనను కాల్పించుకోవడానికి వెళ్ళాడు.